దూరదీవుల వ్యాసాన్ని బాగుచేయడం: ఒక పోస్టుమాస్టరు పద్ధతి

వికీపీడియాలో ఒక దీవి వ్యాసం తెరవగానే ఏదో ఒకటి చేర్చాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగండి. ముందు ఒక తెల్లకాగితం తీసి, అందులో ఉన్న అంకెలన్నీ వరసగా దించండి: విస్తీర్ణం, ఎత్తు, దూరం, జనాభా, సంవత్సరాలు. పక్కన రెండు గడులు గీసి ఒకదాంట్లో "ఎవరు చెప్పారు", రెండోదాంట్లో "ఎప్పటి మాట" అని రాయండి. మారుమూల దీవుల వ్యాసాల్లో ఈ రెండు గడులూ చాలామటుకు ఖాళీగా మిగులుతాయి. మీకు పని అక్కడే దొరుకుతుంది.

నేను శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు సబ్ పోస్టుమాస్టరుగా చేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరినప్పటినుంచీ స్టాంపులు పోగేసే పిచ్చి ఉంది. దక్షిణ అట్లాంటిక్‌లోని ట్రిస్టన్ డా కూన్యా దీవుల పేరు నేను మొదట చూసింది స్టాంపు మీదే. ఇప్పుడు తెలుగు వికీపీడియాలో ఇలాంటి దీవుల వ్యాసాలు సరిచేసుకుంటూ కూర్చోవడం నా పొద్దుపోక. ఇక్కడ ట్రిస్టన్‌నే ఉదాహరణగా పెట్టుకుని చెబుతాను. కెర్గెలెన్‌కైనా, పిట్‌కెయిర్న్‌కైనా, మన లక్షద్వీప్‌కైనా పద్ధతి ఇదే.

ఖాతా తెరవడం, తెలుగులో టైపు చేయడం గురించి పెద్దగా చెప్పను; ఫోనులో వాట్సాప్ సందేశం తెలుగులో కొట్టగలిగినవాళ్ళకి ఇదీ వచ్చేస్తుంది. ఖాతా తెరిస్తే మీ పేరు కింద "ప్రయోగశాల" అని ఒక పేజీ ఉంటుంది. పెద్ద మార్పులు ముందు అందులో రాసుకుని, కుదిరాక అసలు వ్యాసంలోకి తెచ్చుకోండి. వ్యాసం పైన "చర్చ", "చరిత్ర" అని కనిపిస్తాయి, ఆ రెండూ ఒకసారి చదవండి. ఇదివరకు ఎవరో ఒక అంకె మార్చి, ఇంకొకరు తిప్పి పెట్టి ఉంటే కారణం అక్కడ దొరుకుతుంది. అది చూడకుండా మళ్ళీ అదే అంకె మారిస్తే తగువు పెట్టుకున్నట్టవుతుంది.

ఏ దీవి గురించి రాస్తున్నారో తేల్చుకోండి

ఇది చిన్న సంగతిలా కనబడుతుంది గానీ సగం తప్పులు ఇక్కడే పుడతాయి. ట్రిస్టన్ డా కూన్యా అనేది మొత్తం దీవుల గుంపుకీ పేరే, అందులో జనం ఉండే పెద్ద దీవికీ పేరే. గుంపులో ఆ పెద్ద దీవి కాక ఇనాక్సెసిబుల్, నైటింగేల్, నైటింగేల్‌ని ఆనుకున్న చిన్న చిన్న దీవులు, ఇంకా దక్షిణంగా దాదాపు 400 కిలోమీటర్ల దూరాన గఫ్ దీవి ఉన్నాయి. వీటన్నిటి మీదా ఇంకో పేరుంది. సెయింట్ హెలెనా, అసెన్షన్, ట్రిస్టన్ డా కూన్యా మూడూ కలిపి బ్రిటన్‌కి ఒకటే విదేశీ భూభాగం. గవర్నరు సెయింట్ హెలెనాలో ఉంటారు. ట్రిస్టన్‌లో ఒక అడ్మినిస్ట్రేటరు, ఎన్నికైన దీవి కౌన్సిలు ఉంటాయి.

ఇప్పుడు విస్తీర్ణం అంకె చూడండి. పెద్ద దీవి ఒక్కటీ అయితే సుమారు 98 చదరపు కిలోమీటర్లు. గుంపంతా కలిపితే 200 దాటుతుంది. వ్యాసం పక్కనుండే సమాచారపెట్టెలో ఒకటీ, కింద పేరాలో ఇంకొకటీ ఉంటే చదివేవాడు రెండూ తప్పే అనుకుంటాడు. రెండూ రాయండి, ఏది దేనిదో చెప్పండి. గఫ్ దీవికి ఒకచోట 65 చదరపు కిలోమీటర్లని, మరోచోట 91 అని కనిపిస్తుంది. ఇలాంటప్పుడు సగటు తీసి మధ్యలో ఒకటి పెట్టేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఏ మూలం ఏమంటోందో పేరుపెట్టి రాసి వదిలేయండి.

దూరాల దగ్గర మరీ జాగ్రత్త. నేల మైలు 1.609 కిలోమీటర్లు, సముద్రపు మైలు 1.852. ఇందులో ఒక తమాషా ఉంది. సెయింట్ హెలెనా నుంచి ట్రిస్టన్‌కి సుమారు 2,430 కిలోమీటర్లు, అంటే నేల మైళ్ళలో 1,500 పైచిలుకు. కేప్‌టౌన్ నుంచి సుమారు 2,790 కిలోమీటర్లు, అది సముద్రపు మైళ్ళలో మళ్ళీ 1,500 దగ్గరే. కాబట్టి ఏదైనా పుస్తకంలో ఉత్తినే "1,500 మైళ్ళు" అని ఉంటే అది ఏ ఊరినుంచో, ఏ మైలో తేల్చుకోకుండా కిలోమీటర్లలోకి మార్చకండి. మారిస్తే 300 కిలోమీటర్ల పైన తేడా వస్తుంది. ఇచ్ఛాపురం నుంచి విశాఖపట్నం దాటిపోయేంత దూరం.

అక్షాంశ రేఖాంశాలు కూడా. ట్రిస్టన్ 37 డిగ్రీల దక్షిణం, 12 డిగ్రీల పశ్చిమం దాటాక ఉంది. మనం ఉండేది ఉత్తరార్ధగోళం, తూర్పు రేఖాంశం కదా, చేతి అలవాటు కొద్దీ దిక్కులు ఉత్తరం, తూర్పు అని పడిపోతాయి. అప్పుడు పటంలో గుర్తు సిసిలీకీ ట్యునీషియాకీ మధ్య సముద్రంలో పడుతుంది. అక్కడా నీళ్ళే కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సేవ్ చేశాక పటం మీద నొక్కి ఒకసారి చూడండి.

"ప్రపంచంలోకెల్లా మారుమూల" అనే మాటని ఏం చేయాలి

ట్రిస్టన్ అనగానే అందరూ మొదట రాసేది ఇదే. మాట తప్పు కాదు, కానీ పూర్తిగా రాయాలి: జనం స్థిరంగా నివసించే ద్వీపసమూహాల్లో అన్నిటికన్నా మారుమూల. "జనం నివసించే" అన్న మాట జారిపోతే వాక్యం అబద్ధమైపోతుంది, ఎందుకంటే అదే సముద్రంలో ఇంకా దక్షిణాన నార్వేకి చెందిన బూవే దీవి ఉంది, అక్కడ మనిషన్నవాడు కాపురం ఉండడు.

అంతకన్నా నాకు కిట్టనిది ఇంకొకటుంది. మా ఉద్దానం గురించి బయటివాళ్ళు రాసిందేదైనా తీయండి. కిడ్నీ జబ్బుతో మొదలెట్టి కిడ్నీ జబ్బుతో ముగిస్తారు. జబ్బు నిజమే, దాచమని ఎవరూ అనడం లేదు. కానీ ఇక్కడ జీడి తోటలున్నాయి, కొబ్బరి ఉంది, పనస ఉంది, కవిటి సంత ఉంది, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చెట్లన్నీ పడగొట్టాక మళ్ళీ మొక్కలు నాటుకున్న రైతులున్నారు. అవేవీ రాయరు. ట్రిస్టన్ వాళ్ళ గురించి కూడా ప్రపంచం ఇలాగే రాస్తుంది: ఒంటరి ఊరు, ఏడే ఇంటిపేర్లు, ఉబ్బసం. ఉబ్బసం అక్కడ ఎక్కువన్నది నిజం. మొదట వచ్చి స్థిరపడ్డవాళ్ళలో కొందరికి ఆ జబ్బు ఉండడం, తరవాత చిన్న జనాభాలోనే పెళ్ళిళ్ళు జరగడం కారణమని శాస్త్రవేత్తలు పరిశోధించారు కూడా. ఆరోగ్యం అని ఒక విభాగం పెట్టి అందులో రాయండి. పీఠికలో మొదటి వాక్యంగా పెట్టకండి. ఆ దీవివాళ్ళు చదివితే "మా ఊరే" అనుకునేలా ఉండాలి. వాళ్ళకి తెలుగు రాదు కదా అంటారా, ఫోనులో అనువాదం చేసుకుని చదివే రోజులివి.

అడగాల్సినవాళ్ళని అడగండి

వ్యాసంలో ఏం లోపించిందో మీకు తెలియకపోతే, ఆ విషయం తెలియనివాడికి కాదు, అలాంటి బతుకు తెలిసినవాడికి చదివి వినిపించండి. నేను ట్రిస్టన్ వ్యాసం చిత్తుప్రతి బారువలో చేపల వేటకెళ్ళే ఒకతనికి చదివి వినిపించాను. విమానాశ్రయం లేదు, కేప్‌టౌన్ నుంచి ఓడలో దాదాపు వారం పడుతుంది అని చదివాను. అతను అడిగాడు: "సరే మాస్టారూ, ఓడ ఎల్తాది. దిగడానికి రేవుంతాదా? నేకపోతే తెప్ప మీదే దిగాలేటి?"

మారుమూల దీవుల వ్యాసాలు ఎన్నిటిలోనో చరిత్ర ఉంటుంది, పక్షులుంటాయి, ఒడ్డుకి ఎలా దిగుతారో ఉండదు. దానికోసం వెతికితే మంచి సంగతి బయటపడింది. 1961 అక్టోబరులో ఊరి పక్కనే అగ్నిపర్వతం బద్దలైంది. లావా వచ్చి పడవలు లాగే ఒడ్డునీ, లాబ్‌స్టర్ కార్ఖానానీ కప్పేసింది. జనమంతా ముందు నైటింగేల్ దీవికి, అక్కణ్ణుంచి కేప్‌టౌన్ మీదుగా ఇంగ్లండుకి వెళ్ళారు. సౌతాంప్టన్ దగ్గర కాల్‌షాట్ అనే చోట ఎక్కువమందికి బస ఇచ్చారు. 1962 చివర్లో ఓటు పెడితే 148 మంది తిరిగి వెళ్ళిపోదామన్నారు, వద్దన్నవాళ్ళు 5గురు. 1963లో దీవికి చేరుకున్నాక, 1960ల్లోనే ఒక చిన్న రేవు కట్టుకున్నారు. దానికి పేరు కాల్‌షాట్ హార్బరు. ఓడలు అందులోకి రాలేవు. దూరంగా లంగరు వేస్తే పడవల మీద మనుషుల్నీ సరుకుల్నీ దింపుతారు. సముద్రం బాగోలేకపోతే ఓడ ఊరికి ఎదురుగా ఆగి ఉంటుంది, దిగడం మాత్రం కుదరదు. బారువ అతను అడిగిన ఒక్క ప్రశ్నకి వ్యాసంలో "రాకపోకలు" అనే విభాగం తయారైంది.

మూలాలు ఎక్కడ, ఎలా

తెలుగులో ట్రిస్టన్ గురించి పుస్తకం దొరకదని కూర్చుంటే పని కాదు. వికీపీడియాలో మూలం ఏ భాషలోనైనా ఉండొచ్చు. నమ్మదగినదై ఉండాలి, ఇంకొకరు తెరిచి చూసుకోగలగాలి. నా వరస ఇలా ఉంటుంది. ప్రకృతికి సంబంధించినవాటికి యునెస్కో ప్రపంచ వారసత్వ పత్రాలు, పక్షి సంరక్షణ సంస్థల నివేదికలు. గఫ్ దీవి 1995లో ప్రపంచ వారసత్వ జాబితాలోకి వచ్చింది, 2004లో ఇనాక్సెసిబుల్‌ని కూడా చేర్చారు, ఇవన్నీ అక్కడ దొరుకుతాయి. జనాభా, ఓడల తేదీలు లాంటివాటికి దీవి ప్రభుత్వం సొంత వెబ్‌సైటు. సొంత డబ్బా అయ్యే సంగతులకి మాత్రం దాన్ని ఆధారం చేయకండి. వందేళ్ళ కిందటి మిషనరీల జ్ఞాపకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. అప్పటి బతుకు తెలుసుకోవడానికి మంచివే, కానీ వాటిలోది "ఇప్పుడు ఇలా ఉంది" అని రాస్తే కొంప మునుగుతుంది.

పది వెబ్‌సైట్లలో ఒకే వాక్యం కనిపిస్తే పది ఆధారాలు దొరికాయని సంబరపడకండి. తొమ్మిది ఒకదాన్ని చూసి కాపీ కొట్టి ఉంటాయి. మొదటిది ఏదో పట్టుకోండి.

తేదీ సంగతి నేను మరీ పట్టుబడతాను, ఉద్యోగం అలాంటిది. ముద్ర సరిగ్గా పడని కవరు ఎప్పుడు బయల్దేరిందో ఎవరూ చెప్పలేరు. ఏ ఏడాదిదో చెప్పని జనాభా అంకె కూడా అంతే. ట్రిస్టన్‌లో జనం 250కి లోపే. అంత చిన్న ఊళ్ళో నలుగురు చదువుకని ఓడెక్కితే అంకె మారిపోతుంది. "ప్రస్తుతం", "ఇటీవల", "ఈ మధ్య" అనే మాటలు వ్యాసంలో ఎక్కడున్నా తీసేసి సంవత్సరం పెట్టండి. మూలం రాసేటప్పుడు పేజీ పేరు, ప్రచురించినవారు, తేదీ, మీరు చూసిన తేదీ నాలుగూ ఇవ్వండి. వెబ్‌పేజీ అయితే ఆర్కైవ్ లింకు కూడా జతచేయండి, చిన్న దీవుల సైట్లు ఎప్పుడు మాయమవుతాయో చెప్పలేం.

పాత వార్తని సగంలో వదిలేయడం ఇంకో జబ్బు. గఫ్ దీవిలో ఓడల్లో వచ్చిన చుంచెలుకలు ఆల్బట్రాస్ అనే సముద్రపక్షి పిల్లల్ని బతికుండగానే కొరికి తినేస్తున్నాయి. 2021లో హెలికాప్టర్లతో ఎర చల్లి వాటిని నిర్మూలించే పెద్ద ప్రయత్నం జరిగింది. చాలా వ్యాసాలు అక్కడే ఆగిపోతాయి, చదివేవాడు ఎలుకలు పోయాయనుకుంటాడు. అదే ఏడాది డిసెంబరులో మళ్ళీ ఎలుక కనబడింది. ఆ రెండో వాక్యం లేకపోతే మొదటిది రాసి ప్రయోజనం లేదు.

ఎలా రాయాలి

అనువాద యంత్రాన్ని వాడొద్దని అనను, నేనూ వాడతాను. కానీ అది ఇచ్చింది అలాగే అంటించే వ్యాసాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఇలా ఉంటుంది:

"ట్రిస్టన్ డా కూన్యా ప్రపంచంలో అత్యంత రిమోట్ ద్వీపం. ఇది సుందరమైన ప్రకృతిని కలిగి ఉంది. ఇది 1506లో కనుగొనబడింది. ఇక్కడ జనాభా చాలా తక్కువగా ఉంటుంది."

నాలుగు వాక్యాల్లో చదివేవాడికి చేరిన సంగతి ఒకటే, అదీ సగమే. దీన్ని ఇలా మార్చొచ్చు:

"ట్రిస్టన్ డా కూన్యా దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రంలోని అగ్నిపర్వత ద్వీపసమూహం. పెద్ద దీవిలో క్వీన్ మేరీస్ పీక్ అనే శిఖరం 2,062 మీటర్ల ఎత్తుంటుంది. 1506లో పోర్చుగీసు నావికుడు త్రిస్తావ్ ద కూన్యా ఈ దీవుల్ని చూశాడు గానీ ఒడ్డుకి దిగలేదు. 1816లో బ్రిటన్ వీటిని స్వాధీనం చేసుకుని సైనికుల్ని దించింది. సెయింట్ హెలెనాలో బందీగా ఉన్న నెపోలియన్‌ని విడిపించడానికి ఎవరూ ఈ దీవుల్ని వాడుకోకూడదన్నది అందుకు ఒక కారణం. మరుసటేడు సైన్యం వెళ్ళిపోయినప్పుడు విలియం గ్లాస్ అనే కార్పొరల్ కుటుంబంతో ఉండిపోయాడు. ఇప్పటి ఊరు అక్కడ మొదలైంది."

"సుందరమైన" పోయింది, శిఖరం ఎత్తు వచ్చింది. ఎవరు ఏం చేశారో వాక్యంలో కనిపిస్తే "బడింది"లు వాటంతటవే రాలిపోతాయి. చరిత్ర విభాగంలో పోర్చుగీసు, బ్రిటిషు వాళ్ళతో సరిపెట్టకండి. 1827లో సెయింట్ హెలెనా నుంచి వచ్చిన అయిదుగురు స్త్రీలు లేకపోతే ఆ ఊరు నిలిచేదే కాదు. చాలా సంక్షిప్త చరిత్రల్లో వాళ్ళు కనబడరు. 1885లో ఒక ఓడకి ఎదురెళ్ళిన పడవ మునిగి 15 మంది మగవాళ్ళు పోయారు. 1892లో ఓడ పగిలి ఒడ్డుకొచ్చిన ఇటలీ నావికులిద్దరు ఉండిపోయారు, లవరెల్లో, రెపెట్టో అనే ఇంటిపేర్లు వాళ్ళవే.

లింకులు ఒక్కొక్కటీ నొక్కి చూడండి. ట్రిస్టన్‌లో ఉన్న ఒకే ఒక్క ఊరి పేరు ఎడిన్‌బరో ఆఫ్ ద సెవెన్ సీస్. 1867లో ఎడిన్‌బరో డ్యూకు ఆల్ఫ్రెడ్ అక్కడికి వచ్చినందుకు ఆ పేరు. ఎడిన్‌బరో అన్న మాటకి గుడ్డిగా లింకు వేస్తే స్కాట్లండు నగరం తెరుచుకుంటుంది. నవ్వకండి, అసలు ఉత్తరాలే అలా స్కాట్లండుకి వెళ్ళిపోయేవి. ఆ గొడవ వల్లా, ఆన్‌లైన్‌లో సరుకులు తెప్పించుకోవడానికి కోడు అడుగుతుండడం వల్లా 2005లో దీవికి టీడీసీయూ 1జెడ్‌జెడ్ అని పోస్టుకోడు ఇచ్చారు. దీవి మొత్తానికి అదొక్కటే. మా డిపార్టుమెంటు మనిషిగా నాకు ఆ వ్యాసమంతటిలోకీ ఇష్టమైన వాక్యం ఇదే.

ఇష్టం అంటే గుర్తొచ్చింది. మీకు బాగా తెలిసిన ఒక కోణం ఉంటే దానికి విభాగం మీరే రాయండి, అక్కడ మీ కన్ను పనికొస్తుంది. నాకు స్టాంపులు. 1937-38లో నార్వే శాస్త్రవేత్తల బృందంతో సర్వేయరుగా వెళ్ళిన అలన్ క్రాఫర్డ్ దీవి పటం గీశాడు. తరవాత దీవికి సొంత స్టాంపులు కావాలని అడుగుతూ 1946లో నమూనా వేశారు, దాన్నీ అతనే గీశాడు. దీవిలో అప్పటికి డబ్బు వాడకం అంతంతమాత్రమే, కాబట్టి పెన్నీ స్టాంపు మీద ఖరీదు నాలుగు బంగాళాదుంపలని కూడా రాశాడు. అధికారికంగా స్టాంపులు 1952 జనవరి 1న మొదలయ్యాయి, సెయింట్ హెలెనా స్టాంపుల మీదే దీవి పేరు ముద్ర కొట్టి. 1963లో జనం తిరిగొచ్చినప్పుడు మళ్ళీ అలాగే ముద్ర వేసి విడుదల చేశారు. ఇవాళ్టికీ లాబ్‌స్టర్ ఎగుమతి, స్టాంపుల అమ్మకం దీవి ఆదాయంలో భాగం. ఇంత ఇష్టమైనా స్టాంపుల విభాగాన్ని చరిత్రకన్నా పొడుగు కానివ్వలేదు. మనకి తెలిసిందంతా కుమ్మరిస్తే వ్యాసం ఒకవైపు ఒరిగిపోతుంది. మిగిలింది స్టాంపులకే వేరే వ్యాసం పెట్టి అందులో రాసుకోవచ్చు. స్టాంపు అమ్మే వెబ్‌సైటు కేటలాగుని మాత్రం మూలంగా పెట్టకండి, అది దుకాణం.

బొమ్మలు, లింకులు, తరవాత

గూగుల్‌లో కనబడిన ఫోటో ఎక్కించకండి, తీసేస్తారు. వికీమీడియా కామన్స్‌లో ఉన్నవి, అంటే అందరూ ఉచితంగా వాడుకోవడానికి పెట్టినవి, వాడండి. ఇలాంటి దీవులకి నాసా తీసిన ఉపగ్రహ చిత్రాలు అక్కడ తేలిగ్గా దొరుకుతాయి, కాపీరైటు ఇబ్బంది లేదు. బొమ్మ కింద ఏ దీవి, ఏ సంవత్సరం అన్నది తెలుగులో రాయండి.

ప్రతి మార్పుకీ దిద్దుబాటు సారాంశంలో ఒక వాక్యం రాయండి: "గఫ్ విస్తీర్ణానికి యునెస్కో మూలం చేర్చాను" చాలు. పెద్ద మార్పులన్నీ ఒకేసారి పెట్టకుండా విభాగం విభాగంగా సేవ్ చేయండి, ఎవరికైనా ఒకటి నచ్చకపోతే అదొక్కటే వెనక్కి తిప్పుతారు. తిప్పితే కోపం తెచ్చుకోకుండా చర్చ పేజీలో అడగండి. అక్కడా తేలకపోతే వికీపీడియాలో అందరూ చర్చించుకునే రచ్చబండలో పెట్టండి. మీ మూలం గట్టిదైతే మాట నిలుస్తుంది.

వ్యాసాన్ని మీ వీక్షణ జాబితాలో పెట్టుకోండి. జనాభా, అడ్మినిస్ట్రేటరు పేరు, వచ్చే ఓడలు, ఈ మూడూ మారుతుంటాయి, ఏడాదికోసారి చూస్తే సరిపోతుంది. వేరే వ్యాసాల నుంచి దీనికి లింకులు లేకపోతే ఎవరూ ఇక్కడికి రారు. సెయింట్ హెలెనా, అట్లాంటిక్ మహాసముద్రం, ఆల్బట్రాస్ వ్యాసాల్లో దీని ప్రస్తావన వచ్చే చోట లింకు వేయండి. మీరు రాసిన వ్యాసంలో ఎర్రగా కనబడే లింకులు, అంటే ఇంకా వ్యాసం లేనివి, తరవాతి పని. ఇనాక్సెసిబుల్ దీవిలో తప్ప ఇంకెక్కడా లేని, ఎగరలేని పక్షుల్లోకెల్లా చిన్నదైన రెయిల్ పక్షి ఒకటి. నైటింగేల్ దీవి ఇంకొకటి: 2011 మార్చిలో బ్రెజిల్ సోయాబీన్స్‌తో వెళ్తున్న ఆలివా అనే ఓడ అక్కడి రాళ్ళకి కొట్టుకుని, నూనె కారి వేల పెంగ్విన్లకి అంటుకుంది. దీవి జనం వాటిని పెద్ద దీవికి తెచ్చి కడిగారు, ఊళ్ళో ఈతకొలనుని కూడా వాటికోసం వాడారు. నేనైతే ముందు నైటింగేల్‌తో మొదలెడతాను.